పన్నెండా, ఇరవయ్యా

సుంకమ్మ చెయ్యి రంగుకు పనికిరాదని జమ్మలమడుగు బజారులో నలుగురి ముందూ అన్నది నూలు అంగడి రామకోటయ్య శెట్టి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అతను అన్నాడు, జనం విన్నారు, నమ్మారు. ఆనాటి నుంచి పెన్న అవతలి సాలెవీధిలో ఒక్క ఇంటివాళ్లు కూడా రంగు వేయమని ఆమెకు నూలు ఇవ్వలేదు. అంతకుముందు వీధి వీధంతా ఆమె కాగులోనే నూలు ముంచుకునేది. ఆమె పోయి నాలుగు నెలలైంది. దినాలనాడు వచ్చిన ఆడవాళ్లు కూడా అరుగు మీద కూర్చుని, మనిషి మంచిదే పాపం, చెయ్యే చెడింది అనుకున్నారు. లోపల గోడవార కూర్చున్న ఆమె మొగుడు మద్దిలేటి ఆ మాట విన్నాడు. ఆ తప్పును కూడా శెట్టి మీదే వేశాడు.

ఇప్పుడతను ఆ శెట్టి పెరట్లోనే, రేకుల పంచ కింద, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా వెదురు దండెం మీద మూడు నూలు చిలపలు వేలాడుతున్నాయి. మద్దిలేటి పట్టుబట్టి పెట్టించిన పరీక్ష ఇది. మూడూ ఒకే కాగులో, ఒకే వంగపండు రంగులో మునిగి లేచాయి. ముంచింది మద్దిలేటి కాదు. అతనితోగానీ శెట్టితోగానీ ఏ మొగమాటమూ లేని పెద్దన్న, మైలవరం నుంచి వచ్చిన రంగులాయన. ఎడమవైపు రెండు చిలపలూ శెట్టి అంగట్లో మిగిలిన పన్నెండో నంబరు నూలు మూట, అంటే బేలులోవి, కుడివైపుది ఇరవయ్యో నంబరు బేలులోది. తడిగా ఉన్నంతసేపూ మూడూ నేరేడుపండ్ల మాదిరి నల్లగా కనిపిస్తాయి, ఏదీ తేలదు. ఎండలో వేస్తే రంగు కాలిపోతుంది, నీడలోనే ఆరాలి. గంట పడుతుందన్నాడు పెద్దన్న. ఆరాక మూడూ ఒక్కటే వన్నెలో ఉంటే శెట్టి అన్నదే నిజం, అప్పటి పెళ్లి చీరల్లో వన్నె తేడా వచ్చి పట్టె పడింది సుంకమ్మ చేతివల్లే. కుడిదొక్కటే వేరుగా ఉంటే తేడా నూలుది, ఆమెది కాదు. ఇంతకన్నా ఏమీ లేదు. చచ్చిపోయిన మనిషి పేరు వెదురు దండెం మీద ఆరుతోంది. శెట్టి లోపల పూజలో ఉన్నాడు, గంట మోగుతోంది. దేవుడికి కూడా వీడి మాటే వినిపిస్తుందేమో, ఎప్పుడూ వీడి మాటే.

చుక్క. మళ్లీ చుక్క. కుడి చిలప నుంచి కారిన నీళ్లు మట్టినేల మీద ఒకదాని కింద ఒకటి రెండు గీతలుగా పాకాయి. రెండు, అనుకున్నాడు మద్దిలేటి, అనుకున్నాక నవ్వొచ్చింది, శెట్టి పెరట్లో నవ్వు రాకూడదని పళ్లు బిగించాడు. ఐదేళ్ల కిందట అతని కళ్లు అట్లా పాడైపోయాయి. రెండు పుల్లలు పక్కపక్కన పడి ఉంటే రెండు అని చదువుతాయి, కల్లంలో మూడు కట్టెలు కనిపిస్తే మూడు, ఎవడైనా కాళ్లు ఎడంగా పెట్టి మీసం దువ్వుతుంటే ఎనిమిది. ఇదంతా ఆమె చేసిన పని. జపాను నూలు మద్రాసు మీదుగా రైల్లో యర్రగుంట్లకు, అక్కడి నుంచి ఎద్దులబండి మీద జమ్మలమడుగుకు రావడం అప్పుడప్పుడే మొదలైంది. సన్నం నూలు, సాఫు నూలు, ముడులు లేవు, పట్టులాంటి మెరుపు. శెట్టి అంగడి ముందు పారేసిన చెత్తలో సుంకమ్మకు ఒక అట్ట దొరికింది. దాని మీద పది రంగుల నూలు కుచ్చులు అంటించి ఉన్నాయి. ఒక్కో కుచ్చు కింద ఒక జపాను గుర్తు, పక్కన మనం గడియారంలో చూసే మామూలు అంకె. ఆమెకు కావలసింది కుచ్చుల్లోని రంగులు. కానీ రాట్నం ముందు కూర్చున్నాక ఆమె కన్ను గుర్తుల మీదికి పోయింది. మద్దిలేటి వీధిబడిలో నాలుగేళ్లు చదివినవాడు. సాలెవీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా అతని గడప తొక్కాల్సిందే. సుంకమ్మకు అక్షరం రాదు. రాకపోయినా అడగడానికి భయం లేదు.

"ఇదేంది మామా, ఈ గుర్తు?"

"నాలుగు."

"నాలుగేంది, కిటికీ కదా. రొండు తెరలు గూడా ఏసినారు, సూడు."

"వాళ్లు నాలుగంటాంటే నువ్వు కిటికీ అంటావేమే?"

"వాళ్లు ఈడికొచ్చి అడిగిన పొద్దు నాలుగంటాలే."

అట్లా 四 కిటికీ అయింది. 五 మగ్గం అయింది, పైన ఒక దూలం, కింద ఒక దూలం, నడుమ గుంజలు, లోపల కూర్చోవడానికి మనిషొక్కడే తక్కువ. 六 రుమాలు చుట్టుకుని కాళ్లు చాపి నిలబడ్డ పెద్దమనిషి. ఏడు కొడవలి. 八 తాసిల్దారు మీసాలు. తొమ్మిది తోకెత్తిన తేలు. పది దగ్గరికి వచ్చేసరికి ఆమె అతన్ని చెప్పనివ్వలేదు. "ఇది నాకు సెప్పాల్నా? నిలువుది పడుగు, అడ్డంది పేక. ఇది నేత. మనోళ్లెవురో రాసినట్టుండాది మామా," అని ఆ గుర్తును వేలితో నిమిరింది. 十. నలభై ఏళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మద్దిలేటికి తాను రోజూ వేలసార్లు పది రాస్తున్నట్టు అప్పటిదాకా తెలియదు. ఆ పూట అతను నేసిన ప్రతి పోగూ ఒక అంకెగా కనిపించింది, నాడె అటు పోయినా పది, ఇటు వచ్చినా పది, చీకటిపడే వేళకు ఎన్ని పదులయ్యాయో లెక్క తప్పి ఒక్కడే నవ్వుకున్నాడు.

పెద్దన్న బీడీ వెలిగించాడు. పొగ చిలపల వైపు పోకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, పనిమంతుడు. ఎడమది, నడిమిది, కుడిది. ఇంకా నలుపే. కుడిది కొంచెం ఎక్కువ నలుపేమో. లేదు, పంచ అంచు నీడ దాని మీద పడింది. చూడకూడదు. చూస్తూ ఉంటే కన్ను కోరుకున్నదే చూస్తుంది. ఒకసారి రాయచోటి నుంచి సుంకమ్మ మేనమామ కొడుకులు వచ్చిన రోజున ఆమె వంటింట్లోంచి కేక వేసింది: "మామా, మగ్గమా, కిటికీనా?" ఐదుగురికి సంగటి కెలకాల్నా, నలుగురికా అని ఆమె ప్రశ్న. "కిటికీ" అన్నాడు అతను, ఒకడు అప్పటికే తిని వచ్చాడు కాబట్టి. చుట్టాల్లో పెద్దవాడు మర్యాదస్తుడు, లేచి పోయి కిటికీ మూసి వచ్చాడు. గది చీకటైంది. సుంకమ్మ గరిటె పట్టుకుని వచ్చి, మూసిన కిటికీ చూసి, అతన్ని చూసి, గోడకు చేరగిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ చుట్టాలకు ఎందుకు నవ్విందో ఇప్పటికీ తెలియదు, తెలియనవసరమూ లేదు. మొగుడూ పెళ్లాల మధ్య అట్లాంటి భాష ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో అతనికి యాభై దాటాక తెలిసింది. సంతలో, చావు ఇంట్లో, శెట్టి అంగట్లో, ఎక్కడైనా ఆమె కన్నెత్తి ఒక మాట అనేది, తేలు అనేది, మీసాలు అనేది. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు చూసుకునేవాళ్లు. అతనికి మాత్రం ఎన్ని కట్టలు ఎత్తుకోవాలో, ఎన్ని మూరలు కొలవాలో తెలిసిపోయేది.

ఆ ముగ్గు. శుక్రవారం తెల్లారి కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టకుండా, నేరుగా పిండితో పది గుర్తులూ వరసగా ఇంటి ముందు వేసేసింది. ఎదురింటి సుబ్బక్క వచ్చి కొత్త ముగ్గా అంది. అవునక్కా, మద్రాసుది, అంది సుంకమ్మ, కళ్లు కూడా ఆర్పకుండా. మరుసటి శుక్రవారానికి ఆరిళ్ల ముందు తేలింది ఆ ముగ్గు. ఎవరికి నచ్చిన గుర్తు వాళ్లు వేసుకున్నారు. మద్దిలేటి వీధిలో నడుస్తూ చదువుకుంటూ పోయేవాడు, ఎనిమిది, ఎనిమిది, ఐదు, ఇదిగో ఇక్కడ ఆరు తలకిందులు, రుమాలాయన పల్టీ కొట్టాడు, మళ్లీ ఎనిమిది. బజారులో శెట్టి ఆ మాట అన్నాక వీధిలో ఎవరూ ఆమెకు నూలివ్వలేదు కదా, ముగ్గు మాత్రం మానలేదు. ఆమె చెయ్యి పనికిరాదన్నవాళ్ల గడపల ముందు ఆమె మీసాలు శుక్రవారం శుక్రవారం మెలితిరుగుతూనే ఉన్నాయి. అది చూసి మద్దిలేటికి ఒళ్లు మండేది. ఆమెకు మండలేదు. "పోనీలే మామా, వాకిండ్లన్నీ మనవే కదా," అనేది.

బేలు చీటీ అతని తలరుమాలు మడతలో ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాడు, ఉంది. నూలు బేలు విప్పితే పైనున్న కట్టలో ఒకే ఒక చీటీ ఉంటుంది, దాని మీద బేలు నంబరు జపాను గుర్తుల్లో నిలువుగా రాసి ఉంటుంది. బయట గోనె మీద మామూలు అంకెలే, శెట్టి వాటినే చదువుతాడు. మొదటి కట్ట ఎవరు తీసుకుంటే చీటీ వాళ్లది, తర్వాత వచ్చినవాళ్లకు ఉండదు. ఏడాదిన్నర కిందట, ఈశ్వర సంవత్సరంలో, ఒక పెళ్లివారికి పది చీరలు ఒకే వన్నెలో కావాలని శెట్టి చెప్తే, మొదటి కట్టలు తెచ్చుకున్నప్పుడు చీటీ వీళ్లకు దొరికింది. పైన నేత గుర్తు, దాని కింద రెండు గీతలు. సగం చీరలయ్యాక నూలు చాలలేదు, అదే బేలులోది కావాలి. ఒక్కో బేలు నూలు ఒక్కో తీరుగా రంగు తాగుతుందేమోనని సుంకమ్మకు వేలిచివర్లలోనే అనుమానం. ఏ బేలు? అట్టమీద పది దాకానే ఉంది. పది దాటితే ఎట్లా చదవాలో ఎవరూ చెప్పలేదు. ఆమె చీటీని మోకాలి మీద పెట్టుకుని పైనుంచి చదివింది. నేత, తర్వాత రెండు. పదీ రెండూ. పన్నెండు. మద్దిలేటి మగ్గం గుంతలోంచి తల తిప్పకుండానే కసిరాడు. బట్ట యాడనుంచి పెరుగుతాది? కిందినుంచి. నేసేవాడికి దగ్గరున్న అంచు ముందు, పైది తర్వాత. అతను నలభై ఏళ్లుగా లోకాన్ని చూసింది కిందినుంచి పైకే. కింద రెండు, పైన పది. రెండు పదులు. ఇరవై.

"నీళ్లు పైనుంచి కదా కారేది," అందామె.

"బడికి నువ్వు పోయినావా, నేను పోయినానా?"

ఆమె చీటీ మడిచి అతని చేతిలో పెట్టింది. అతను పోయి ఇరవయ్యో నంబరు బేలు అడిగాడు. ఆ బేలు అప్పటికే విప్పి ఉంది, చీటీ ఎవరో ఎత్తుకుపోయారు, లేకుంటే గుర్తులు చూసుకుని ఉండేవాళ్లు. ఆమె అదే కాగులో అదే పాళ్లతో రంగు వేసింది. ఆరాక వన్నె తేడా అనిపిస్తోందని ఆమె అంది, పెళ్లి దగ్గరపడింది నెయ్యి అని అతనన్నాడు. నేశాడు. ఐదో చీర నడుమ, రెండు నూళ్లూ కలిసినచోట, అరచేయంత వెడల్పున పట్టె పడింది, అక్కడి నుంచి మిగతావన్నీ ముదురు. గురువారం సంతనాడు శెట్టి ఆ చీరను అంగడి ముందు మంచం మీద పరిచి, పట్టె మీద బెత్తం పెట్టి, సుంకమ్మ చెయ్యి రంగుకు పనికిరాదని అన్నాడు. ఆమె అక్కడే ఉంది. మద్దిలేటీ అక్కడే ఉన్నాడు. ఇరవై అడిగింది తానే. ఆ పూట నోరు విప్పలేదు, ఇంటికి వచ్చే దారంతా శెట్టిని తిట్టాడు, పెన్న ఇసుకలో నడుస్తూ తిట్టాడు, పడవల రేవు దాటి తిట్టాడు, ఇంకా తిడుతున్నాడు.

పూజ అయిపోయింది. రామకోటయ్య విభూతి పెట్టుకుని వచ్చి చిలపలను ముట్టుకోబోతే పెద్దన్న చెయ్యి పట్టి ఆపాడు. "ఇంగా పచ్చిగుండాది శెట్టన్నా. పెండ్లికూతురు మొగం చూసినట్టు తొందరపడితే ఎట్ల?" శెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. మద్దిలేటి అతని వైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో శెట్టి భార్య వెంకటలక్ష్మమ్మ చాటతో బియ్యం చెరుగుతూ కనిపించింది. ఆ ఇంట్లో మనిషంటే ఆమె ఒక్కతే. ఆ చీర సంగతి జరిగిన కొన్నాళ్లకు మద్రాసు నూలు కంపెనీ శెట్టికి ఒక గోడకాగితం పంపింది, మంచు కప్పిన కొండ, గొడుగు పట్టుకున్న ఆడది, కింద తేదీలు. అంతా జపాను గుర్తులే. తిథి లేదు, వర్జ్యం లేదు, రాహుకాలం లేదు, ఇదేం పంచాంగమని శెట్టి పారేయబోతే ఆమె దాన్ని సుంకమ్మ చేతిలో పెట్టింది, గోడకు బొక్క ఉంటే అంటించుకోమని. సుంకమ్మ నిజంగానే అంటించింది. మూడోరోజున, మద్దిలేటి మగ్గంలో ఉండగా, మామా అని అరిచింది. ఇల్లు అంటుకుందేమోనని అతను చేతిలో నాడె కూడా వదలకుండా లేచాడు. ఆమె గోడ ముందు మోకాళ్ల మీద ఉంది. ఒక్కో గడి చూసి ఒక్కో చింతగింజ నేలమీద పెట్టుకుంటూ వచ్చింది. పది గింజలు, నేత. పదకొండో గింజ, నేత కింద ఒక గీత. పన్నెండో గింజ, నేత కింద రెండు గీతలు. అచ్చం చీటీలో ఉన్నట్టే. ఇంకా పెట్టుకుంటూ పోయింది, ఇరవయ్యో గింజ దగ్గర రెండు గీతలు పైన, నేత కింద.

"పైనుంచే మామా! పైనుంచే! నీళ్లు కారినట్టే!"

ఇల్లంతా తిరిగింది. గింజలన్నీ చీరకొంగులో పోసుకుని ఎగరేసింది. యాభై ఏళ్ల మనిషి. తన పేరు చెడగొట్టిన తప్పు దొరికినందుకు ఎవరైనా ఏడుస్తారు. ఆమె మాత్రం ముప్పై ఒకటి దాకా చదవడం వచ్చేసిందని పొంగిపోయింది. ముప్పై ఒకటి, మూడు గీతలు, నేత, ఒక గీత, మామా చూడు ఎంత పొడుగుందో. పద శెట్టి దగ్గరికి పోదాం, రుజువు చేద్దాం అన్నాడు అతను, సగం మనసుతో. ఆమె నవ్వు ఆపి అతన్ని చూసింది. "వద్దులే. ఎవురు సదివిరి అని అడుగుతారు. వీదికంతా కాగితాలు సదివేటోనివి, రేపు నీ తావికి ఎవురొస్తారు? నా సెయ్యిదేముండాది, మన నూలు మనం ముంచుకుందాం." అతను సరే అన్నాడు. ఎంత తొందరగా అన్నాడో అతనికి గుర్తుంది. ఆశ్వయుజంలో ఆమెకు ప్రాణం తీసిన జ్వరం వచ్చింది. జ్వరంలో కూడా అతని వేళ్లు ఒక్కోటి ముడుస్తూ కిటికీ, మగ్గం, రుమాలు అని లెక్కపెట్టింది, తప్పు పోకుండా పెట్టింది, నేత దగ్గరికి వచ్చి బాగా నవ్వింది. ఆ మొహమే అతనికి మిగిలింది. ఏడ్చిన మొహం వెతికినా దొరకదు.

"ఆరినాయి," అన్నాడు పెద్దన్న.

మూడింటినీ దండెం మీద నుంచి తీసి, దులిపి, పంచ బయట వెలుతురులోకి తెచ్చి రెండు చేతుల మీద పరిచాడు. ఎడమ రెండూ వంగపండు. కుడిది వంగపండే, కానీ రాత్రి తోటలో చూసిన వంగపండు.

"రొండూ ఒకటి, ఇదొకటి. కాగు ఒకటే, సెయ్యి నాదొకటే. గుడ్డోనికి గూడా కనపడతాది శెట్టన్నా. ఆ యమ్మ తప్పేం లేదు."

"నేనప్పుడే సెప్తి," అంది వెంకటలక్ష్మమ్మ చాట ఆపకుండానే. "అన్నపొద్దు నోరు బాగా లేసింది, ఇప్పుడు లేస్తాదో లేదో."

రామకోటయ్య చిలపలను తిప్పి తిప్పి చూశాడు. వ్యాపారస్తుడు, చూసినదాన్ని కాదనలేడు. చూసి, మద్దిలేటి వైపు తిరిగి, గొంతు తగ్గించి, దాదాపు దయగా అడిగాడు. "సరేనప్పా. నూలుదే తేడా. పన్నెండుతో మొదలుబెట్టి ఇరవై బేలు ఎందుకడిగితిరి మల్ల? చీటీ ఆ యమ్మ సదివిందా? సదువు రాని మనిషి, పొరపాటు పడుండొచ్చులే. పోయినామెను ఎవురేమంటారు?"

తప్పించుకోవడానికి వాకిలి తెరిచే ఉంది. అవును అంటే చాలు, తల ఊపినా చాలు. ఆమె ఉన్నా అదే చెప్పమనేది. మద్దిలేటి గోడ పట్టుకుని లేచాడు. రుమాలు విప్పి చీటీ తీసి శెట్టి అరచేతిలో పెట్టాడు.

"నేను సదివినా శెట్టీ. పైనుంచి సదవల్ల. ఆమె పైనుంచే సదివింది, పన్నెండు అనింది. నేను కసిరి కిందినుంచి ఇరవై అంటి. పట్టె నాది. రంగుదీ కాదు, ఆమెదీ కాదు."

పెద్దన్నకు నవ్వాగలేదు. "బడికి పోయినోనివి నువ్వు కదప్పా!" అన్నాడు. నవ్వు పెరడు దాటింది, వంటింట్లో వెంకటలక్ష్మమ్మ కూడా కలిసింది. సాయంత్రానికి సాలెవీధికి చేరుతుంది ఆ నవ్వు, ఇంకెవరూ కాగితం పట్టుకుని రారు, రాకపోనీ. రొమ్ములో ఎక్కడో ఏడాదిన్నరగా బిగుసుకున్న పడుగు ఒక్కసారిగా సడలినట్టయింది. ఎంత తేలిక! ఇంత తేలికని తెలిసి ఉంటే ఆ గోడ ముందే, ఆ చింతగింజల మధ్యే ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు.

"యాడ అంటివో ఆడికి పోదాం పా," అన్నాడు శెట్టితో.

ఆవేళ గురువారం, సంత నిండుగా ఉంది. రామకోటయ్య అంగడి ముందు నిలబడి, సుంకమ్మ చెయ్యి మంచిదేనని, తాను పొరపాటు అన్నానని చెప్పాడు. మద్దిలేటి మళ్లీ చెప్పించాడు, గట్టిగా చెప్పించాడు. అన్నందుకు మాత్రం క్షమించలేదు, ఆ రోజూ లేదు, తర్వాతా లేదు. జనం మూగి ఎవరు చదివారు, ఎట్లా తప్పారు, ఆ జపాను అంకెలు ఎట్లా ఉంటాయి అని మీద పడ్డారు. సెప్పాల్సినోళ్లకు ఒకసారి సెప్పినా, ఇంగ నా నోట ఈ మాట రాదు అని మద్దిలేటి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. శెట్టి అడిగినా, వీధి అడిగినా, కడపటి రోజుల్లో అత్తింటి నుంచి వచ్చిన కన్నకూతురు పక్కన కూర్చుని అడిగినా, అతను ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.